లింగవ్వ మీద పడ్డ మాట

కొసగడ్డలో ఒక పిల్ల లింగవ్వ చేతి వల్ల పోయిందని ఇప్పటికీ అంటారు. లింగవ్వ చనిపోయి ఏడాది దాటింది, ఆ మాట మాత్రం చావలేదు. మొన్న నందిపేట అంగట్లో ఒకామె వంకాయలు ఏరుకుంటూ నా మొహం మీదే అంది, "గా ముసల్దే అంటిచ్చింది గద సిస్టరమ్మా" అని. నేను సంచి సర్దుకుని వచ్చేశాను. అందులో నిజమెంతో తెలిసినవాళ్లం ఇద్దరమే ఉన్నాం, మా డాక్టరు, నేను. డాక్టరు బదిలీ అయి వెళ్లిపోయాడు. ఇక చెప్పాల్సింది నేనే.

నా పేరు సుమన. మాది మాక్లూర్. పద్దెనిమిదేళ్లుగా ఏఎన్ఎం ఉద్యోగం చేస్తున్నాను. నాకు నోరెక్కువని మా ఆఫీసులో పేరు. ఉన్నమాటే. మీటింగుల్లో పెద్ద సార్లను కూడా ఎదురు అడిగేదాన్ని. ఇంత నోరున్న మనిషిని, నోరు విప్పాల్సిన ఒక్కచోట విప్పలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను, ముందు లింగవ్వ గురించి చెప్పనివ్వండి.

శ్రీరాంసాగర్ నిండినప్పుడు వెనక నీళ్లు మా దిక్కు పొలాల దాకా ఎక్కి వస్తాయి. ఆ నీళ్ల నడుమ మూడు మిట్టలు మిగులుతాయి. పెద్దగడ్డ, తుమ్మగడ్డ, కొసగడ్డ. ఎండాకాలం ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి పోవచ్చు. ఆగస్టు వచ్చిందంటే జనవరి దాకా పడవే దిక్కు. పెద్దగడ్డలో నలభై ఇళ్లు, తుమ్మగడ్డలో పాతిక, అన్నిటికంటే దూరమైన కొసగడ్డలో పన్నెండు. చేపలు పడతారు, బర్రెలు కాస్తారు, చలికాలంలో కొందరు బోధన్ దిక్కు చెరుకు కొట్టబోతారు.

లింగవ్వ పెద్దగడ్డ మనిషి. బోధన్‌లో ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆమె భర్త చెరుకు కట్టలు బండ్లకు ఎత్తేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరూ నీళ్ల దగ్గరికే తిరిగొచ్చారు. ఆయన పోయాక కూతురు భీమ్‌గల్‌కు రమ్మని ఎంత పిలిచినా పోలేదు. "ఆడ నన్నెవలు అవ్వా అంటరు? ఫలానామె తల్లి అంటరు" అనేది. గడ్డ మీద మాత్రం ఆమె అందరికీ అవ్వే. తెల్ల జుట్టు ముసలాయన ఒకడు కూడా అవ్వా అనే పిలిచేవాడు, వయసులో ఆమెకంటే పెద్దవాడై ఉండి.

నేను మొదటిసారి టీకా డబ్బాతో పెద్దగడ్డలో దిగినరోజు తల్లులంతా పిల్లల్ని వలల కింద, గాబుల వెనక దాచేశారు. గంటసేపు అరిచినా ఒక్కరూ రాలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అప్పుడు లింగవ్వ నన్ను లోపలికి పిలిచి రొట్టె పెట్టింది. తిన్నాక నడి వాడలో నిలబడి గొంతెత్తింది. "గీ సిస్టరమ్మ నా ఇంట్ల రొట్టె తిన్నది. ఒకలకొకలు ఇసం పెట్టుకునేటోళ్లమైతే ముందుగాల నేనే పెడుదును గద ఆమెకు! తీస్కరాండ్రి పోరగాండ్లను!" జనం నవ్వుతూ బయటికొచ్చారు. ఆ రోజు నుంచి నెలకో బుధవారం నా పడవలో లింగవ్వ కూడా ఎక్కేది. జీతం లేదు, పిలుపూ లేదు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, సూది దిగేలోపల ఏదో తిట్టి నవ్వించేది.

ఆమెకు ఇంకో పనితనం ఉంది. మా దిక్కు పిల్లలకు దగ్గు ఆగకపోయినా, మింగుడు పడకపోయినా కొండనాలుక పడిపోయిందంటారు. ఉప్పు, మిరియాల పొడి బొటనవేలికి అద్దుకుని, పిల్ల నోట్లో పెట్టి, గొంతు దగ్గర వేలాడే ఆ చిన్న నాలుకను పైకి ఒత్తాలి. పిల్ల ఓసారి కక్కినంత పని చేస్తుంది, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. దీన్ని ఎత్తడం అంటారు. మూడు గడ్డల్లోనూ లింగవ్వే ఎత్తేది. నడుముకు చిన్న డబ్బీలో పొడి కట్టుకుని తిరిగేది. మా నానమ్మ నాకు ఎన్నిసార్లు ఎత్తిందో లెక్క లేదు. అందుకే లింగవ్వ పిల్లల నోట్లో వేలు పెడుతుంటే నాకు అది వైద్యంలాగా కనిపించలేదు, తప్పులాగా కూడా కనిపించలేదు. తల దువ్వినట్టు, ముక్కు తుడిచినట్టు అనిపించేది.

మూడేళ్ల కిందట నవంబరులో పెద్దగడ్డలో నాలుగో తరగతి పిల్లకు గొంతు వాచింది. తల్లిదండ్రులతో చెరుకు కోతకు పోయి వచ్చిన పిల్ల. నోరు తెరిపించి చూస్తే గొంతులో బూడిదరంగు పొర. మెడ రెండు పక్కలా ఉబ్బి ఉంది. పుస్తకంలో బొమ్మగా చూసిందే తప్ప నేను ఆ జబ్బును ఎప్పుడూ చూడలేదు. మా డాక్టరు రాజశేఖర్ ఫోనులో ఫొటో చూసి, "కంఠసర్పి, అదే డిఫ్తీరియా, వెంటనే నిజామాబాద్ పంపించు" అన్నాడు. ఆ పిల్ల బతికింది. కానీ పది రోజుల్లో పెద్దగడ్డలో ఇంకో నలుగురికి, తుమ్మగడ్డలో ఇద్దరికి వచ్చింది. అందరినీ పెద్దాసుపత్రికి చేర్చాం.

డాక్టరు గడ్డల మధ్య రాకపోకలు బంద్ పెట్టించాడు. చేపలు ఒడ్డున దించి వెనక్కి పోవాలి, ఎవరూ ఎవరింటికీ పోకూడదు. జబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో వెతికే పని నాకు అప్పగించాడు. నేను నోటుబుక్కులో మూడు సున్నాలు చుట్టాను, గడ్డకు ఒకటి. ఎవరింట్లో ఎవరు తిన్నారు, ఎవరి పురుటికి ఎవరు పోయారు, ఏ పడవలో ఎవరు ఎక్కారు, అన్నీ అడిగి ఎర్ర పెన్నుతో గీతలు గీసేదాన్ని. పెద్దగడ్డ నుంచి తుమ్మగడ్డకు ఆరు గీతలు వచ్చాయి. ఆ పని చక్కగా చేస్తున్నానని నాకు ఒకింత గర్వంగా కూడా ఉండేది.

కొసగడ్డ సున్నాలోకి ఒక్క గీత కూడా పోలేదు. అక్కడివాళ్లు రేవు దగ్గర అడ్డంగా వెదురు కట్టేసి, ఎవరూ దిగొద్దని కేకలేసేవాళ్లు. మా పడవ నడిపే ముత్తన్న నెమ్మదస్తుడు, ఒక్కడే పోతే అతన్ని కూడా రానివ్వలేదు. మా పడవకు మాత్రం వెదురు తీశారు. నన్ను చూసి కాదు, నా పక్కన లింగవ్వ ఉందని.

ఆ రోజు పొద్దున తుమ్మగడ్డలో జబ్బు పిల్లల ఇరుగుపొరుగులకు, వాళ్లకు అంటకుండా మాత్రలు పంచాం. పడవలో తిరిగే మేం ముగ్గురం కూడా మింగాలని డాక్టరు చెప్పాడు. చివరికి మాత్రలు తక్కువ పడ్డాయి. లింగవ్వ తన వంతు తీసి ఒక పిల్ల చేతిలో పెట్టింది. "నా గొంతుకేమైంది, ఇనుప గొంతు. గీ పొల్లకియ్యి" అంది. నేను సరేనన్నాను. పంచిన మాత్రలకూ పేర్లకూ లెక్క కుదిరిందని సంతోషపడ్డాను కూడా. అట్నుంచి అటే కొసగడ్డకు పోయాం.

కొసగడ్డలో అందరి గొంతులూ చూశాను. ఎవరికీ ఏమీ లేదు. తిరిగి పడవ దగ్గరికి నడుస్తుంటే నిరోష పరుగెత్తుకుంటూ వచ్చింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నాకు తెలిసిన పిల్ల, ఆమెకు ఒక్కతే కూతురు, ఆరో ఏడు నడుస్తున్న శ్రీవాణి. "అవ్వా, పొల్ల నిన్నటిసంది దగ్గుతున్నది, కొండనాలుక పడ్డట్టున్నది. జర ఎత్తిపోరాదే" అంది. శ్రీవాణి గొంతు అప్పుడే చూసి వచ్చాను. కొద్దిగా ఎర్రగా ఉంది, అంతే, ఉత్త జలుబు. లింగవ్వ వెనక్కి మళ్లింది. శ్రీవాణి రానని గుంజకు చుట్టుకుంది. "ఏందే, పెద్దపులినా నేను? ఒక్క వేలే, కొరికితె కొరుకు" అని లింగవ్వ నవ్వించింది. పిల్ల నోరు తెరిచింది. లోపల చీకటిగా ఉందని లింగవ్వ అంటే నా టార్చి తీసి నేనే వెలుతురు పట్టాను.

జబ్బును వెతకడానికి పోయిన మనిషిని, ఆ టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు పట్టరాని కోపం వస్తుంది.

ఐదో రోజు కొసగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. శ్రీవాణి మింగడం లేదని, ఊపిరి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు చప్పుడు వస్తోందని నిరోష చెప్పింది. రెండు రోజుల నుంచి జ్వరం ఉంది, జలుబే కదా అనుకున్నారు. వాళ్ల గడ్డకు జబ్బు రాలేదని అందరికీ నమ్మకం. ఆ నమ్మకం ఇచ్చింది నేనే. ముత్తన్న పడవ ఎంత తొందరగా తోలినా ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నిజామాబాద్‌లో చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో నిరోషతో పాటు నేనూ ఎక్కాను. ఇందల్వాయి దాటకముందే పిల్ల ఊపిరి ఆగిపోయింది. నిరోష ఏడవలేదు. పిల్ల గౌను మీద పడ్డ చొంగను కొంగుతో తుడుస్తూ కూర్చుంది. బండి పక్కకు ఆపిన డ్రైవరు దిగి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు డాక్టరు రాజశేఖర్ నా నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. మూడో సున్నా మీద వేలు పెట్టాడు.

"గీత లేకుండ జబ్బు రాదు సుమనా. నీళ్ల మీద నడిచి రాదు కద. ఆ గడ్డకు ఎవరు పోయిన్రు?"

"ఎవరూ పోలేదు సార్" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. "మేమే పోయినం."

మా ముగ్గురి గొంతుల్లోంచి దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపారు. ముత్తన్నకు ఏమీ లేదు, నాకూ లేదు. లింగవ్వ గొంతులో క్రిములు ఉన్నాయి. జబ్బు పడకుండానే కొందరు దాన్ని మోస్తుంటారని డాక్టరు చెప్పాడు. "ఆ అవ్వ పిల్లల దగ్గర ఏం చేస్తది?" అని అడిగాడు. ఏమీ చేయదు సార్ అనబోయాను. అప్పుడు కళ్లముందు కదిలింది, శ్రీవాణి తెరిచిన నోరు, నా చేతిలో టార్చి. చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. పెద్దగడ్డ, తుమ్మగడ్డల్లో ఇంకెవరికి ఎత్తిందో అడిగి రమ్మన్నాడు. ఏడుగురిలో నలుగురికి ఎత్తింది. ఇన్ని రోజులు ఎవరొచ్చారని అడిగితే ఒక్క తల్లి కూడా లింగవ్వ పేరు చెప్పలేదు. ఆమె నాతోనే వచ్చింది కదా, ఆమె పేరు వేరే చెప్పేదేంటి అనుకున్నారు. నేను గీసిన ఆరు గీతల్లో ఏది నిజమో నాకిప్పుడు తెలియదు.

డాక్టరు అంతటితో ఆగలేదు. "ఆ పాప టీకాల రిజిస్టర్ తియ్యి" అన్నాడు.

నెలల పిల్లప్పటివి అన్నీ పడ్డాయి. ఏడాదిన్నర డోసు పడింది. ఐదేళ్లు నిండాక వేయాల్సిన డోసు గడి ఖాళీగా ఉంది. ఆగస్టులో వేయాల్సింది. ఆ బుధవారం గాలి ఎక్కువుందని ముత్తన్న పడవ తీయలేదు. సెప్టెంబరులో పెద్దగడ్డ, తుమ్మగడ్డ అయ్యేసరికి పొద్దు వాలింది, పన్నెండిళ్ల కోసం ఏం పోతాంలే అనుకున్నాను. అక్టోబరులో బతుకమ్మ, దసరా. నీళ్లు తగ్గాక ఒకేసారి వేద్దాంలే అనుకున్నాను. అందులో ఆగస్టుది నా తప్పు కాదు. మిగతాదంతా నా బద్ధకం.

"వేసి ఉంటే ఇంత ముదిరేది కాదు. బతికేదేమో" అన్నాడు డాక్టరు. ఆయన అరిస్తే బాగుండేది. అరవలేదు. రెండు సంగతులూ రిపోర్టులో రాశాడు, నాకు ఒక మెమో ఇచ్చారు, రిపోర్టు ఫైలులోకి పోయింది. గడ్డల మీద ఫైళ్లు చదివేవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత ఆయన మూడు గడ్డలూ తిరిగి, పిల్లల నోట్లో వేలు పెట్టొద్దని, కొండనాలుక ఎత్తొద్దని చెప్పాడు. ఎవరి పేరూ తీయలేదు. తీయాల్సిన అవసరమేముంది, ఎత్తేది ఒక్కతే. పెద్దగడ్డలో ఆయన మాట్లాడుతున్నంతసేపూ జనం ఆయన్ని చూడలేదు, లింగవ్వను చూశారు.

జనం పోయాక లింగవ్వ నా దగ్గరికి వచ్చింది. డాక్టరిచ్చిన మాత్రలు ఈసారి ఒక్కటీ వదలకుండా మింగింది.

"నన్నేనా అన్నది?"

"అందరికీ చెప్పిండవ్వా. తెల్వక చేస్తం..."

"నన్నేనా అని అడుగుతున్న సుమనా."

ఆమె నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. అవునన్నాను. "నన్ను కొసగడ్డకు తోల్కపో" అంది.

వారం తర్వాత, ఆమె గొంతు శుభ్రపడిందని కాగితం వచ్చాక తీసుకెళ్లాను. మమ్మల్ని చూసి నిరోష భర్త వలలు భుజాన వేసుకుని ఇంటి వెనక్కి పోయాడు. నిరోష గడపలో కూర్చుని ఉంది. రమ్మంటే కూడా లింగవ్వ లోపలికి పోలేదు, ఎండలోనే నిలబడింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది.

"బిడ్డా, నేనే అంటిచ్చిన్నట. నీ పొల్లను నేనే తిన్న. నీకేం అనబుద్ధైతె గది అను, కొట్టబుద్ధైతె కొట్టు."

"నువ్వు నీ దారిన పడవెక్కబోతుంటివి గదవ్వా" అంది నిరోష. "ఉరికచ్చి పిలిచింది నేనేనాయె. నిన్నంటే నన్నేమనాలె?" అప్పుడు ఏడ్చింది. అంబులెన్సులో ఏడవనిదంతా ఏడ్చింది. లింగవ్వ ఆమె తల మీద చెయ్యి వేయబోయి, మళ్లీ కొంగులోకి లాక్కుంది.

ఏడుపు ఆపుకుని నిరోష నా వైపు తిరిగింది. వాళ్ల టీకా కార్డు అంతకుముందు సంవత్సరం వానకే గుడిసెతో పాటు తడిసి ముద్దయిపోయింది. లెక్కంతా నా సంచిలోని రిజిస్టర్‌లోనే ఉంది.

"సూదులైతె అన్ని ఏపిచ్చిన గద సిస్టరమ్మా? నువ్వు తెమ్మన్నప్పుడల్లా తెచ్చిన. నా దిక్కెల్లి ఏం తప్పలె గద?"

"నీ దిక్కు నుంచి ఏం తప్పలేదమ్మా" అన్నాను. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అంత జాగ్రత్తగా మాట్లాడాను.

తిరిగి వచ్చేటప్పుడు లింగవ్వ పడవ మధ్యలో ముడుచుకుని కూర్చుంది. ముత్తన్న వెనక్కి తిరక్కుండా తెడ్డు వేస్తున్నాడు. పెద్దగడ్డ కనబడుతుండగా ఆమె అడిగింది.

"సిస్టరమ్మా, సూదులన్ని ఏసినంక గూడ గా జబ్బు గిట్ల సంపుతదా? ఏసిన పిల్లలకు ఏం గాదని నేను ఇల్లిల్లు తిరిగి జెప్పిన గద. మరి గా పొల్ల ఎట్ల పాయె? నా చేతిల గంత ఇసమున్నదా?"

ఆ ప్రశ్నకు జవాబు నా ఒళ్లో ఉన్న రిజిస్టర్‌లోనే ఉంది. ఒక్క పేజీ తిప్పి, ఇదిగో అవ్వా, ఇక్కడ నేను తప్పాను అంటే చాలు. సగం బరువు ఆమె మీది నుంచి దిగేది. కానీ మర్నాటికల్లా ఆ మాట మూడు గడ్డలూ తిరుగుతుంది, కొసగడ్డ రేవులో నా పడవకు కూడా వెదురు అడ్డం కడతారు, ఇక నా చేతిలో పిల్లల్ని ఎవరు పెడతారు అనుకున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్నది అదే. అసలు సంగతి భయం.

"అయితదవ్వా. ఒక్కోసారి ఏసినా ఆగదు" అన్నాను.

ఆమె నమ్మింది. నా మాట ఎప్పుడు నమ్మలేదు గనుక!

ఆ తర్వాత ఆమె ఒక్క పిల్లనూ ముట్టుకోలేదు. ఎవరైనా చంటిపిల్లను అందించబోతే రెండడుగులు వెనక్కి జరిగేది. కొన్నాళ్లకు ఎవరూ అందించబోయేవాళ్లు కూడా లేకపోయారు. నా పడవ ఎక్కడం మానేసింది. అయినా పెద్దగడ్డలో టీకాల బుధవారం వచ్చిందంటే పొద్దున్నే వాడంతా తిరిగి తల్లుల్ని లేపేది. అందరూ చేరాక తాను దూరంగా ఎండలో నిలబడేది, చేతులు కొంగులో పెట్టుకుని.

నీళ్లు తగ్గాక జనవరిలో నేను మిగిలిన డోసులన్నీ పట్టుకుని పోయాను. కొసగడ్డ పిల్లలకు కూడా ఆ రోజే వేశాను, నడిచిపోయి. పెద్దగడ్డలో లింగవ్వ దూరం నుంచి నేను సూది ఎక్కించడం చూస్తూ ఉంది. ఉండబట్టలేక నాలుగడుగులు దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా బతిమాలుతున్నట్టు అడిగింది.

"ఒక్కొక్క పొల్లకు రెండేసి ఎయ్యరాదు సిస్టరమ్మా? ఒక్కటి ఆగుతలేదు గద."

"ఒక్కటి చాలవ్వా" అన్నాను. ఆమె బతికినన్నాళ్లూ నేను ఆమెకు అంతకుమించి ఏమీ చెప్పలేదు.